కోతలకు ముందు పికప్ బాల్ జాయింట్ చూసుకోండి



వానకాలం వరి ఇప్పుడు పొట్ట మీద ఉంది. ఇంకొన్ని వారాల్లో వర్ని, కోటగిరి, బోధన్ వైపు పొలాల్లోకి కోత మిషన్లు దిగుతాయి. నిజాంసాగర్ కాలువ కింద ఉన్న ఆ ఊళ్లలో కోతలు తొందరగా మొదలవుతాయని మీకు తెలుసు. కోత మొదలైందంటే పికప్ బండికి రాత్రీ పగలూ తేడా ఉండదు. కల్లం నుంచి కొనుగోలు కేంద్రానికి, అక్కడి నుంచి మళ్లీ కల్లానికి తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు బండి ఆపి రిపేరు చేయించమంటే ఏ డ్రైవరూ వినడు, వినలేడు కూడా. నాట్లు అయిపోయి కోతలు ఇంకా రాని ఈ నడిమి రోజుల్లోనే ఆ మాట చెప్పాలి. అందుకే ఈ వేళ ముందు చక్రాల దగ్గర ఉండే ఒక చిన్న భాగం గురించి మాట్లాడతాను. దాని పేరు బాల్ జాయింట్.

ముందు మన ప్రాంతం సంగతి. 1931 నాటికి మంజీరా మీద నిజాంసాగర్ పూర్తయింది. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆ తర్వాత కొన్ని తరాల పాటు ఇక్కడి సరుకు ప్రయాణమంతా ఒకే గేటు వైపు సాగింది. చెరకు మొదట ఎడ్లబండ్ల మీద, తర్వాత ట్రాక్టర్ల మీద, లారీల మీద ఆ గేటుకే చేరింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డది. చెరకు వదలని రైతు దూరపు మిల్లులు వెతుక్కోవాల్సి వచ్చింది. మిగతా పొలాలు వరికి, సోయాకు మళ్లాయి. ఒక గేటుకు పోయే సరుకు పది దిక్కులకు చీలింది. వడ్లు ఒక దిక్కు, సోయాబీన్ ఇంకో దిక్కు, పసుపు నిజామాబాద్ యార్డుకు, కూరగాయలు తెల్లవారకముందే పట్నానికి. ఇంత చిన్న చిన్న మోతలకు లారీ దండగ, ట్రాక్టరు ఆలస్యం. ఆ జాగాలోకి పికప్ వచ్చింది. అందరూ కొత్త బండి కొనలేరు కదా. పదేళ్లు, పదిహేనేళ్లు తిరిగిన బండిని చేతులు మారాక కొని, దాని మీదే ఇల్లు నడుపుకుంటున్న వాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది. పాత బండి కొనడంలో తప్పేమీ లేదు. మంచిగా చూసుకున్న పాత బండి, పట్టించుకోని కొత్త బండి కంటే నమ్మకంగా పని చేస్తుంది. కాకపోతే పాత బండిలో కంటికి కనపడని చోట అరుగుదల ఉంటుంది. అది ఎక్కడో తెలిసి ఉండాలి.

బాల్ జాయింట్ అంటే మన తుంటి కీలు లాంటిదే. ఒక ఇనుప గిన్నెలో నున్నటి ఉక్కు గుండు కూర్చుని ఉంటుంది. గుండుకు ఒక కాడ ఉంటుంది, ఆ కాడ చివర మర ఉంటుంది. ముందు చక్రం పక్కన పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ ఉంటాయి. ఈ రెండు ఆర్ములూ ఛాసీని పట్టుకుని ఉంటాయి. చక్రం బేరింగులూ బ్రేకూ కూర్చున్న ఇనుప ముక్కను మెకానిక్కులు నకల్ అంటారు. ఆర్ముకూ నకల్‌కూ మధ్య సంబంధం ఈ బాల్ జాయింటే. గుంతలో పడ్డప్పుడు చక్రం పైకీ కిందికీ ఆడాలి, స్టీరింగ్ తిప్పినప్పుడు పక్కకు తిరగాలి. ఈ రెండు పనులూ ఒకేసారి జరగనిచ్చేది ఆ గుండు. బాల్ జాయింట్లు రాకముందు బండ్లకు కింగ్ పిన్నులు ఉండేవి. అమెరికాలో 1952లో లింకన్ కార్లకు, 1954లో ఫోర్డ్ కార్లకు బాల్ జాయింట్లు పెట్టారు. తర్వాత ప్రపంచమంతా ఆ దారి పట్టింది.

మీ బండికి బాల్ జాయింట్లు ఉన్నాయో లేవో ముందు చూసుకోండి. టాటా ఏస్ లాంటి కొన్ని చిన్న ట్రక్కులకు ముందు కూడా కమాన్లే, నిలువు కింగ్ పిన్నులే. బొలేరో, సుమో లాంటి బండ్లలో పై ఆర్మ్, కింది ఆర్మ్ ఉన్నవి ఎక్కువ. అయితే ఒకే పేరుతో అమ్మిన పికప్‌లలో కూడా కొన్నిటికి ముందు కమాన్లు ఉంటాయి, కొన్నిటికి ఉండవు. పేరు చూసి నమ్మకండి. టైరు వెనక వంగి చూడండి. గుండ్రంగా చుట్టిన స్ప్రింగో, ఛాసీ వెంట పొడుగ్గా పోయే టార్షన్ బారో కనపడి, రెండు ఆర్ములు కూడా ఉంటే ఈ మాటలన్నీ మీ బండికే.

గుండుకూ గిన్నెకూ మధ్య గ్రీజు ఉంటుంది. ఆ గ్రీజు బయటికి పోకుండా, బయటి మట్టి లోపలికి రాకుండా చిన్న రబ్బరు తొడుగు ఉంటుంది. మన దగ్గర బాల్ జాయింట్ చావు ఎక్కువగా ఆ తొడుగు దగ్గరే మొదలవుతుంది. బోధన్ చుట్టుపక్కల నల్లరేగడి. నాట్ల కాలంలో ఇనుప చక్రాల ట్రాక్టర్లు మడి నుంచి మడికి పోతూ రోడ్డు మీద బురద పోసి పోతాయి. ఆ బురద మన పికప్ ఆర్ముల మీద పడి, ఎండి, రాయిలా గట్టిపడుతుంది. బండి ఆడినప్పుడల్లా ఆ గడ్డ రబ్బరును కోస్తుంది. ఒకసారి చీలిందా, ఇక నీళ్లకు దారి దొరికినట్టే. మంజీరా ఒడ్డున ఇసుక మోసే బండ్లకైతే ఇంకా కష్టం. ఇసుక రేణువు గ్రీజులో కలిసిందంటే గుండును నూరుతూనే ఉంటుంది. తొడుగు చాలా చిన్న వస్తువు. అది చిరిగిన రోజే చూస్తే జాయింట్ ఇంకా బతికే ఉంటుంది. ఆరు నెలలకు చూస్తే అప్పటికే చచ్చి ఉంటుంది. అందుకే బండి కడిగించినప్పుడు పైపై రంగు మీదే కాదు, టైర్ల వెనక ఆర్ముల మీద కూడా నీళ్లు కొట్టించండి. గట్టి ప్రెషర్ నీళ్లు మాత్రం నేరుగా తొడుగు మీద కొట్టనీయకండి.

ఇక బరువు. కొనుగోలు కేంద్రంలో తూకం 40 కిలోల బస్తా లెక్కన జరుగుతుంది. 40 బస్తాలు వేస్తే 1,600 కిలోలు. మీ ఆర్‌సీలో రాసిన మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేసి, ఎంత మోయొచ్చో ఒకసారి చూడండి. వెనక బరువు ఎక్కువ వేస్తే ముందు చక్రాలకేమవుతుంది అని అడిగే వాళ్లున్నారు. అవుతుంది. బరువు బండి గుంతలో పడ్డప్పుడు తగిలే దెబ్బ ముందు ఆర్ములకూ తగులుతుంది. స్పీడ్ బ్రేకర్ ముందు గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు వెనకున్న బరువులో కొంత ముందుకు తూలి ఆ గుండ్ల మీద పడుతుంది.

జాయింట్ అరుగుతున్నప్పుడు బండి మనకు చెప్తూనే ఉంటుంది. చిన్న గుంతల మీద ముందు నుంచి కటకటమని చప్పుడు వస్తుంది. బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే ఎండిన తలుపులా కిర్రుమంటుంది. చదునైన రోడ్డు మీద కూడా స్టీరింగ్ సర్దుకుంటూ పోవాల్సి వస్తుంది. టైరు ఒక అంచున మాత్రమే అరుగుతుంది. చాలామంది ఈ చప్పుడు విని షాకబ్జార్లు మార్పిస్తారు, టైరు అరిగిందని అలైన్‌మెంట్ చేయిస్తారు. వదులైన జాయింట్ మీద చేసిన అలైన్‌మెంట్ గుంతలో పడ్డ మొదటిసారే పోతుంది. డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది, లోపం మాత్రం అక్కడే ఉంటుంది.

ఇప్పుడు పరీక్ష ఎలా చేయాలో చెప్తాను. మిగతాది మరిచిపోయినా ఇది గుర్తుంచుకోండి. చాలా షెడ్లలో ఛాసీ కింద జాకీ పెట్టి, చక్రం గాలిలోకి లేపి, రెండు చేతులతో ఊపి, ప్లే లేదు పో అని పంపిస్తారు. స్ప్రింగు కింది ఆర్మ్ మీద ఉన్న బండికి ఆ పరీక్ష పనికిరాదు. ఎందుకంటే ఛాసీ లేపినప్పుడు స్ప్రింగు కింది ఆర్మును కిందికి నెడుతూనే ఉంటుంది. జాయింట్ బిగువులోనే ఉంటుంది. లోపల ఎంత అరిగినా ఆ బిగువులో దాక్కుంటుంది. కాబట్టి జాకీ కింది ఆర్మ్ కిందనే, వీలైనంత చక్రం దగ్గరగా పెట్టాలి. అప్పుడు స్ప్రింగు బరువు జాకీ మీదికి పోతుంది, జాయింట్ వదులవుతుంది. స్ప్రింగు పై ఆర్మ్ మీద ఉన్న బండి అయితే లెక్క తిరగబడుతుంది. దానికి పై ఆర్ముకూ ఛాసీకీ మధ్య చెక్క ముక్క పెట్టి, ఛాసీ కింద జాకీ వేయాలి. బరువు మోసే ఆర్మ్ ఏదో తెలుసుకుని, దాని జాయింట్ మీది బిగువు తీసేసి చూడాలి. అంతే సూత్రం.

టైరు నేల నుంచి కొంచెం లేచాక దాని కింద గడ్డపార దూర్చి పైకి ఎత్తండి, వదలండి. ఇంకొకరు టార్చిలైటుతో జాయింట్ వైపు చూడాలి. ఆర్మ్ కదలకుండా నకల్ మాత్రం లేస్తే జాయింట్ అరిగింది. తర్వాత టైరును పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. ఊగుతోందా? అప్పుడు ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ఊగడం ఆగితే అది బేరింగ్ వదులు. తొక్కినా ఊగితే బాల్ జాయింట్. ఎంత ప్లే ఉండొచ్చో ఒక్కో బండికి కంపెనీ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. కొన్నిటికి అసలు ఉండకూడదు. వేలితో తడిమి అందాజాగా చెప్పే మాట మీద ఆధారపడకండి.

ఎంత అరిగితే ప్రమాదం అంటారా? బండి నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. కొన్ని బండ్లలో బరువు గుండును గిన్నెలోకి నొక్కుతుంది. ఇంకొన్నిటిలో గిన్నెలోంచి బయటికి గుంజుతుంది. ఈ రెండోరకం అరిగితే ఒకరోజు గుండు గిన్నెలోంచి ఊడి వస్తుంది. ఆ క్షణం చక్రం అడ్డంగా పడిపోతుంది, బండి ముక్కు నేలకు తగులుతుంది, ఆ పక్క బ్రేకు గొట్టం తెగినా తెగొచ్చు. ఇది పాత బండ్లకే, మన రోడ్లకే వచ్చే కష్టం అనుకోకండి. 2005లో అమెరికాలో టొయోటా కంపెనీ టకోమా, టండ్రా లాంటి పికప్‌లనూ, వాటితో పాటు కొన్ని ఎస్‌యూవీలనూ కలిపి ఏడు లక్షలకు పైగా వెనక్కి పిలిచింది. కింది బాల్ జాయింట్ గుండు మీద తయారీలోనే పడ్డ గీతల వల్ల అది తొందరగా అరిగి వదులవుతోందని కారణం చెప్పింది. అవి కొన్నేళ్ల బండ్లే, మంచి రోడ్ల మీద తిరిగినవే. గుండు మీద ఒక గీత అంత పని చేస్తే, మన ఇసుక, బురద ఏం చేస్తాయో ఆలోచించండి.

మార్చే పని గురించి. ఇది ఇంటి ముందు చేసుకునే పని కాదు. నిజామాబాద్‌లోనో బోధన్‌లోనో ప్రెస్ ఉన్న షెడ్డులో, పని తెలిసిన మెకానిక్ చేత చేయించండి. కానీ బండి వదిలి టీ తాగడానికి పోవద్దు. పక్కనే నిలబడండి. ఏం చూడాలో చెప్తాను.

బండి చదునైన గచ్చు మీద ఉండాలి. వెనక చక్రాల కింద మొద్దులు, ఛాసీ కింద గట్టి ఇనుప స్టాండ్లు పెట్టాలి. ఇటుకలు, రాళ్లు వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. చక్రం విప్పాక మొదట చూడాల్సింది కింది ఆర్మ్ కింద జాకీ ఉందా లేదా అని. పని అయిపోయేదాకా అది అక్కడే ఉండాలి. చుట్ట స్ప్రింగు బండి బరువును పట్టి నొక్కుకుని ఉంటుంది. జాకీ లేకుండా జాయింట్ విప్పారో, ఆర్మ్ దభీమని కిందికి పడుతుంది, స్ప్రింగు ఎగిరి వస్తుంది. ఆ దెబ్బకు మనిషి ప్రాణం పోతుంది. షెడ్లలో పని నేర్చుకునే పిల్లలే ఎక్కువగా చక్రం ముందు కూర్చుంటారు. మేస్త్రీలూ, దయచేసి ఆ పిల్లలకు పానా చేతికిచ్చే ముందు ఈ సంగతి నేర్పండి. టార్షన్ బార్ బండి అయితే సర్దే బోల్టు ఎంత బయటికి ఉందో కొలిచి గుర్తు పెట్టుకుని, తర్వాతే దాన్ని వదులు చేయాలి.

బ్రేకు విప్పితే దాన్ని తీగతో ఆర్ముకు కట్టి వేలాడదీయాలి. రబ్బరు గొట్టం మీద వేలాడనీయకూడదు. జాయింట్ కాడకు ఉన్న స్ప్లిట్ పిన్ను తీసి, నట్టు కొన్ని చుట్లు వదులు చేయాలి గాని పూర్తిగా తీయకూడదు. కాడ ఒక్కసారిగా విడిపోతే ఆ నట్టే పట్టి ఆపుతుంది. కాడ నకల్‌లో కోసుగా దిగి గట్టిగా పట్టుకుని ఉంటుంది. దాన్ని విడదీయడానికి పుల్లర్ ఉంది. పుల్లర్ లేకపోతే నకల్ కన్ను పక్కన ఒక సుత్తె ఆనించి, ఇంకో పక్క నుంచి ఇంకో సుత్తెతో కొడతారు. అదీ మంచి పద్ధతే. గ్యాసుతో కాల్చి విడదీయడం మాత్రం ఒప్పుకోవద్దు. కాలిన ఉక్కు బలం పోతుంది. అది పోయిన సంగతి పైకి కనపడదు.

పాత జాయింట్ ఆర్ముకు మూడు తీర్లలో ఉండొచ్చు. బోల్టులతో బిగించి ఉంటే సులువు. రివెట్లు కొట్టి ఉంటే రివెట్ తలలు జాగ్రత్తగా తొలిచి తీసి, కొత్తదానితో వచ్చిన బోల్టులే వేయాలి. ప్రెస్ కొట్టి దించినదైతే ప్రెస్‌తోనే తీయాలి, ప్రెస్‌తోనే దించాలి. సుత్తెతో బాదితే ఆర్ములో రంధ్రం కోలగా మారుతుంది, కొత్తది అందులో నిలవదు. అప్పుడు కొంతమంది రెండు చుక్కలు వెల్డింగ్ పెట్టి పంపిస్తారు. వెల్డింగ్ పెట్టిన బాల్ జాయింట్‌తో బండి బయటికి తీయకండి. వెల్డింగ్ వేడికి లోపలి లైనరు కాలుతుంది, గ్రీజు కారిపోతుంది. రంధ్రం పాడైతే ఆర్మే మార్చాలి. ఖర్చు ఎక్కువే. ఆ మాట ఒప్పుకుంటాను. అయినా ఇక్కడ ఆదా చేయడానికి చోటు లేదు.

కొత్తది బిగించేముందు నకల్ రంధ్రాన్ని పొడి గుడ్డతో తుడవాలి. ఆ కోసులో గ్రీజు రాయకూడదు, ఇనుము ఇనుమును పట్టుకోవాలి. నట్టు టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పినంత బిగించాలి. నట్టు గాటూ కాడ రంధ్రమూ ఎదురెదురుగా రాకపోతే ఇంకొంచెం బిగించి కలపాలి. వెనక్కి వదులు చేసి కలపడం తప్పు. స్ప్లిట్ పిన్ను కొత్తదే వేయాలి. గ్రీజు నిప్పల్ ఉంటే తొడుగు కొంచెం ఉబ్బేదాకా మాత్రమే కొట్టాలి. పై ఆర్మ్ విప్పితే అక్కడ పలచటి షిమ్ముల బిళ్లలు ఉండొచ్చు. ఏ బోల్టు దగ్గర ఎన్ని ఉన్నాయో రాసి పెట్టుకుని అలాగే తిరిగి వేయాలి. చక్రం ఎంత వాలి నిలబడాలో కొన్ని బండ్లలో ఆ బిళ్లలే నిర్ణయిస్తాయి.

ఒక పక్కది అరిగితే రెండో పక్కదీ మార్చాలా అని అడుగుతారు. రెండూ ఒకే వయసువి, ఒకే రోడ్డు మీద నడిచినవి. మార్చేయండి. అదే రోజు టై రాడ్ ఎండ్లు, ఆర్మ్ బుష్షులు కూడా చూపించండి. బుష్షు బోల్టులు వదులు చేసి ఉంటే, బండి నేల మీద నిలబడ్డాకే చివరి బిగింపు ఇవ్వాలి. అది అయ్యాక నేరుగా వీల్ అలైన్‌మెంట్‌కు పోండి. వారం పది రోజులు తిరిగాక అన్ని నట్లూ మళ్లీ ఒకసారి చూపించండి. విడి భాగం కొనేటప్పుడు బిల్లు అడగండి. పేరు లేని డబ్బాలో వచ్చే చవక జాయింట్ గుండు నున్నగా ఉందో లేదో ఎవరూ హామీ ఇవ్వరు.

ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. ఆ పరీక్ష పాసైతే ఏడాదంతా ఇక నిశ్చింత అనుకోవద్దు. వానకాలంలో చిరిగిన తొడుగు యాసంగి దాకా ఆగదు.

చివరగా యజమానులకు ఒక మాట. నాట్లకు, కోతలకు కూలీలను పికప్ వెనక నిలబెట్టి తీసుకుపోవడం చట్టం ఒప్పుకోదు. అయినా పొద్దున్నే ప్రతి రోడ్డు మీదా అదే కనపడుతుంది. చక్రం ఊడితే క్యాబిన్‌లో డ్రైవరు ఏదో పట్టుకుంటాడు. వెనక నిలబడ్డ అక్కచెల్లెళ్లకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మనుషులను వెనక ఎక్కించకండి. కోత మిషన్ మీ పొలంలోకి దిగకముందే, ఈ వారంలోనే, కింది ఆర్మ్ కింద జాకీ పెట్టించి రెండు పక్కలా బాల్ జాయింట్లు చూపించండి. పరీక్షకు పట్టేది అరగంట. ప్లే ఉంటే మార్చేదాకా ఆ బండికి సరుకు ఎక్కించకండి.